పాత మందునకు క్రొత్త పని

పిడుదు అన నెట్టిదో మన పల్లెవాసులకు ఎవరును చెప్పనక్కరలేదు. కొన్ని సీమలవారు దానినే గోమారి యందురు. పశువుల చెవుల వెనుకను, పొదుగు మీదను చేయి పెట్టి తడవి, రక్తము త్రాగి గింజవలె ఉబ్బిన పిడుదులను ఏరి నిప్పులో వేయుట పాడి గల ఇండ్లవారికి తెలిసిన పనియే. ఈ చిన్న జీవి రక్తము త్రాగుటతో ఊరకుండదనియు, ఒక ప్రాణినుండి మఱియొక ప్రాణికి రోగమును మోయుననియు శాస్త్రజ్ఞులు 1893 లో నిరూపించిరి. అమెరికాలో పశువుల మందలను కూల్చుచుండిన టెక్సాసు జ్వరమును పిడుదులే వ్యాపింపజేయుచున్నవని థియొబాల్డు స్మిత్, కిల్బోర్న్ అను ఇద్దరు పరిశోధకులు ఆ సంవత్సరమున ప్రకటించిరి. సికింద్రాబాదులో రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచుటకు అది నాలుగేండ్లు పూర్వము.

నేడు మేము చెప్పబోవునది పశువుల కథ కాదు. మనుష్యులకు పిడుదు కాటువలన వచ్చు ఒక వ్యాధిని గూర్చియు, ఆ వ్యాధికి ఏమాత్రమును సంబంధము లేని పనికై పుట్టి, తుదకు ఆ వ్యాధి వాకిట వచ్చి నిలచిన ఒక పాత మందును గూర్చియు చెప్పదలచితిమి. “రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే” అను సామెత మన వారందఱు ఎఱిగినదే. ఇద్దఱి కోరికయు ఒక్కటియైనపుడు ఇక విచారింపవలసినది ఏమున్నదని మనకు తోచును. ఈ మందు చరిత్ర చూచిన పిమ్మట ఆ సామెతను మఱియొక మాఱు తలచుకొందము.

అమెరికా తూర్పుతీరమున కనెక్టికట్ రాష్ట్రములో లైమ్ అను చిన్న ఊరు కలదు. చుట్టును అడవి, జింకల సంచారము, వేసవిలో చెట్ల నడుమ ఆడుకొను పిల్లలు. ఆ ప్రాంతమున పాలీ మర్రే అను గృహిణి కాపురముండెను. ఆమెకును, భర్తకును, పిల్లలకును ఏండ్ల తరబడి కీళ్ళవాపులు, చర్మముపై ఎఱ్ఱని మచ్చలు, తలనొప్పులు, అంతులేని అలసట. చూచిన వైద్యులలో పలువురు అది మనోవ్యాధి యనిరి. ఆమె నిరాశపడక, ఎవరికి ఎప్పుడు ఏ బాధ వచ్చినదో వ్రాసి యుంచుకొనెను. ఇరుగుపొరుగున ఎందఱు పిల్లలు కీళ్ళవాపుతో బాధపడుచున్నారో విచారించెను. 1975 లో ఆమెయు, అదే ప్రాంతమున నున్న మఱియొక తల్లియు వేర్వేరుగా ఆరోగ్యాధికారులకు మొరపెట్టుకొనిరి.

అంతట యేల్ విశ్వవిద్యాలయమునుండి ఆలెన్ స్టీర్ అను యువవైద్యుడును, ఆతని సహచరులును వచ్చి ఇరుగుపొరుగున నున్న మూడు ఊళ్ళను పరిశీలించిరి. ఆ ఊళ్ళ జనసంఖ్య మొత్తము 12,000. అందు 39 మంది పిల్లలకును, 12 మంది పెద్దలకును ఒకే తీరు కీళ్ళవాపు కనబడెను. ఆ 51 మందిలో 13 మంది తమకు మొదట చర్మముపై ఒక చిన్న ఎఱ్ఱని పొక్కు లేచి, క్రమముగా వలయమువలె విస్తరించినదని చెప్పిరి. ఈ సంగతులు 1977 లో ప్రకటితమయ్యెను. ఊరి పేరే రోగమునకు పేరయ్యెను.

ఆ ఎఱ్ఱని వలయము ఐరోపా వైద్యులకు క్రొత్తది కాదు. స్వీడను దేశపు చర్మవైద్యుడు ఆర్విడ్ ఆఫ్జేలియస్ 1909 లోనే పిడుదు కరచినచోట విస్తరించు ఎఱ్ఱని మచ్చను గూర్చి తన తోడి వైద్యులకు తెలిపియుండెను. పిమ్మట అదే దేశపు వైద్యులు దానిని పెనిసిలిన్‌తో మాన్పిరి. అట్లు సముద్రమున కీవల ఒక వైద్యుడు చూచిన మచ్చకును, ఆవల ఒక తల్లి వ్రాసియుంచిన బాధలకును నడుమ డెబ్బది యేండ్లవరకు వంతెన కట్టినవారు లేరు.

ఆ వంతెన కట్టినవాడు విలీ బర్గ్‌డార్ఫర్. స్విట్జర్లాండున పుట్టి అమెరికాలోని మాంటానాలో పిడుదులపై పరిశోధన చేయుచుండిన శాస్త్రజ్ఞుడాయన. 1981 లో న్యూయార్కు రాష్ట్రమునకు చెందిన షెల్టర్ ద్వీపమునుండి తనకు వచ్చిన పిడుదులను కోసి, వేఱొక జ్వరమునకు చెందిన క్రిమిని వెదకుచుండగా, వాని ప్రేగులలో సన్నని మెలికలు తిరిగిన సూక్ష్మజీవులు కనబడెను. పరీక్షించిన పిడుదులలో నూటికి అరువదింట ఆ జీవులుండెను. 1982 లో ఆ వార్త ప్రకటితమయ్యెను. 1984 లో ఆ జీవికి ఆయన పేరు చేర్చి బొరీలియా బర్గ్‌డార్ఫరీ అని నామకరణము చేసిరి.

రోగకారణము తెలిసినపిమ్మట చికిత్స కష్టము కాలేదు. ఎఱ్ఱని వలయము కనబడిన వెంటనే డాక్సీసైక్లిన్ వంటి మందును రెండు మూడు వారములు ఇచ్చినచో అత్యధికులు స్వస్థులగుదురు. అయితే కొందఱకు చికిత్స ముగిసినను అలసట, కీళ్ళనొప్పులు, జ్ఞాపకశక్తి మందగించుట మున్నగునవి నెలల తరబడియు, ఒక్కొక్కపుడు ఏండ్ల తరబడియు వదలవు. ఇదియే వివాదమునకు మూలము. క్రిమి యింకను శరీరమున దాగియున్నదని కొందఱును, క్రిమి పోయినను అది రేపిన కలత పోలేదని కొందఱును వాదింతురు. దీర్ఘకాలిక లైమ్ వ్యాధి యను పేరునే పెక్కు వైద్యసంఘములు అంగీకరింపవు. చికిత్సానంతర లక్షణములని మాత్రము చెప్పుదురు. పేరు ఏదైనను రోగి బాధ మాత్రము పేరుకై వేచియుండదు.

మందును ఎక్కువకాలము ఇచ్చినచో మేలుండునా యని పరీక్షించిరి. 2001 లో మార్క్ క్లెంప్నర్ మున్నగువారు 129 మంది రోగులను రెండు తెగలు చేసి, ఒక తెగకు 90 దినములు సూక్ష్మజీవనాశకములను, రెండవ తెగకు మందులేని ఉత్తుత్తి చికిత్సను ఇచ్చిరి. ఎవరికి ఏది ఇచ్చుచున్నారో రోగులకు తెలియనీయలేదు. రెండు తెగలకును ఫలితములో భేదము కనబడలేదు. 2016 లో నెదర్లాండ్సు దేశమున 280 మందిపై జరిగిన పరీక్షలో అందఱకును మొదట రెండు వారములు సూదిమందు ఇచ్చి, పిమ్మట పండ్రెండు వారములు కొందఱకు మందును, కొందఱకు ఉత్తుత్తి మాత్రలను ఇచ్చిరి. అక్కడను భేదము లేదు. కాని యందు ఒక విశేషము కలదు. మొదటి స్థితితో పోల్చినచో అన్ని తెగలవారును కొంత మెఱుగుపడిరి. ఉత్తుత్తి మాత్రలు మ్రింగినవారును మెఱుగుపడిరి. ఈ సంగతిని శ్రోతలు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు దీనితో పని యున్నది.

తెలిసిన మందులు ఇట్లు చేతులెత్తగా, అన్యకార్యములకై చేసిన మందులలో ఏదైన పనికివచ్చునేమో యని వెదకుట మొదలయ్యెను. ఆ వెదకులాటలో దొరకినదే డైసల్ఫిరామ్. దాని పూర్వకథ కొంత చెప్పుట అవసరము.

డైసల్ఫిరామ్ వైద్యుని యింట పుట్టలేదు. అది గంధకము కలిసిన ఒక రసాయనము. పచ్చి రబ్బరును గంధకముతో కాచి గట్టిపఱచునపుడు ఆ పని త్వరగా జరుగుటకు ఈ జాతి రసాయనములను కర్మాగారములలో వాడుచుండిరి. 1937 లో విలియమ్స్ అను అమెరికా వైద్యుడు ఒక వింత సంగతిని ప్రకటించెను. ఈ రసాయనమునకు దగ్గఱి బంధువైన మఱియొక దానితో పనిచేయు కూలీలు మద్యము త్రాగలేకపోవుచున్నారనియు, కొంచెము పుచ్చుకొన్నను మొగము ఎఱ్ఱబడి, గుండె దడదడ కొట్టుకొనుచున్నదనియు ఆయన వ్రాసెను. ఇది త్రాగుబోతుతనమునకు మందు కాగలదేమో యనియు ఆయన సందేహించెను. పదేండ్లవరకు ఆ మాట కార్యరూపము దాల్చలేదు.

ఇంతలో ఆ రసాయనమునకు రెండవ జన్మము కలిగెను. గజ్జిపురుగును చంపుటకు అది చర్మముపై పూతగా ఉపయోగపడెను. గజ్జిపురుగు పిడుదునకు దూరపు చుట్టమే. రెంటికిని ఎనిమిది కాళ్ళు. చర్మముపై పురుగును చంపునది కడుపులో పురుగును చంపదా యని డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో ఒక మందుల సంస్థయందు పనిచేయుచుండిన జెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ అనువారు తలంచిరి. మనుష్యులకు అది హాని చేయునో లేదో తెలిసికొనుటకు ఆ మాత్రలను తామే మ్రింగి చూచిరి. ఆ దినములలో మద్యము పుచ్చుకొన్నపుడెల్ల ఇద్దఱికిని మొగము మండి, వికారము కలిగెను. ఒకరితో నొకరు ముచ్చటించుకొనగా కారణము బయటపడెను. శరీరములో మద్యము మొదట అసిటాల్డిహైడ్ అను విషముగా మాఱి, పిమ్మట దానిని విఱుచు ఒక ఎంజైము వలన నిరపాయమగును. ఈ మందు ఆ ఎంజైమును అడ్డగించును. విషము రక్తమున పేరుకొనును. మార్టెన్సెన్-లార్సెన్ అను వైద్యుడు త్రాగుడు మానదలచిన వారిపై దీనిని ప్రయోగించెను. 1948 లో ఈ విషయము ప్రకటితమై, యాంటబ్యూస్ అను పేర లోకమంతట ప్రాకెను. అమెరికా ప్రభుత్వము 1951 లో దానిని అంగీకరించెను.

ఈ కీర్తితో పాటు నడచిన మఱియొక కథ కూడ కలదు. తొలినాళ్ళలో ఉత్సాహముకొద్ది దినమునకు ఒక గ్రాము, అంతకు మించియు ఇచ్చిరి. కొందఱకు మతి చలించెను, కొందఱకు నరములు చెడెను, మద్యముతో కలిసి కొందఱ ప్రాణములు పోయెను. ఆ అనుభవము వలననే మోతాదును తగ్గించి, మొదట 500 మిల్లీగ్రాములకు మించకుండను, పిమ్మట సాధారణముగా 250 మిల్లీగ్రాములుగను నిర్ణయించిరి. మందు గుణమును కనుగొనుటకు ఒక్క సాయంకాలము చాలెను. దాని హద్దులను కనుగొనుటకు ఏండ్లు పట్టెను.

అటుపిమ్మట ఆ మందు కొన్ని దశాబ్దములు తన పని తాను చేసికొనుచుండెను. 1979 లో మాత్రము అది పరీక్షనాళికలో మలేరియా క్రిమి పెరుగుదలను ఆపుచున్నదని కొందఱు గమనించిరి. మలేరియా క్రిమివలెనే ఎఱ్ఱ రక్తకణములలో దూరి నివసించు బబీసియా అను జీవి యున్నది. మనము మొదట చెప్పుకొన్న టెక్సాసు జ్వరమునకు కారణము ఆ జాతి జీవియే. లైమ్ క్రిమిని మోయు పిడుదే అమెరికాలో మనుష్యులకు బబీసియాను కూడ అంటించుచున్నది. ఒక్క కాటుతో రెండు రోగములు వచ్చువారు లేకపోలేదు.

2016 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునుండి ఒక పరిశోధన వెలువడెను. ఇతర రోగములకు వాడుచున్నవియు, పరిశోధనలో నున్నవియు నగు నాలుగువేలకు పైగా రసాయనములను యంత్రసహాయమున లైమ్ క్రిమిపై ప్రయోగించి, దాని పెరుగుదలను ఆపువానిని ఏర్చిరి. ఆ పట్టికలో డైసల్ఫిరామ్ కనబడెను. ఆ వ్యాసకర్తలలో మొదటి పేరు వెంకట రవీంద్ర పోతినేని. 2020 లో అదే సంస్థనుండి ఎలుకలపై జరిగిన పరిశోధనను ప్రకటించినవారిలో మొదటి పేరు హరిహర పోతుల. ఈ యింటిపేర్లు మన చెవులకు క్రొత్తవి కావు. మందు పుచ్చుకొన్న ఎలుకల అవయవములలో క్రిమి కనబడలేదని ఆ వ్యాసము తెలిపినది.

ఈ నడుమనే న్యూయార్కు రాష్ట్రమున కెనెత్ లీగ్నర్ అను వైద్యుడు ఈ మందును రోగులకు ఇచ్చుటకు ఆరంభించెను. ఏండ్ల తరబడి సూక్ష్మజీవనాశకములు లేనిదే నిలువలేని ముగ్గురు రోగులు కేవలము డైసల్ఫిరామ్‌తో కొంతకాలము చికిత్స పొంది, పిమ్మట ఏ మందును లేక ఆఱు మొదలు ఇరువదిమూడు నెలలవరకు సుఖముగ నుండిరని ఆయన 2019 లో వ్రాసెను. ఆ ముగ్గురిలో ఒకరికి ఆఱవ నెలలో రోగము తిరుగబెట్టెననియు దాచక వ్రాసెను. 2020 లో ఆయనయు, సహచరులును మూడేండ్ల అనుభవమును కూర్చి మఱియొక వ్యాసమును ప్రకటించిరి. లెక్కకు వచ్చిన 67 మంది రోగులలో 62 మంది తమకు మేలు కలిగినదనిరి. హెచ్చు మోతాదు చికిత్సను పూర్తిచేసిన 33 మందిలో 12 మంది ఆఱు నెలలు, అంతకు మించియు ఆరోగ్యముగ నుండిరి.

ఏండ్ల తరబడి మంచము పట్టి, నీ రోగము నీ మనసులోనిదే యని పలువురి చేత అనిపించుకొన్న మనిషికి ఈ అంకెలు ఎట్లు వినబడునో ఊహింపవచ్చును. ఆ యాశను పరిహసించుటకు మాకు అధికారము లేదు. పాలీ మర్రే వంటి తల్లుల మాటను త్రోసిపుచ్చినందువలననే ఈ రోగమునకు పేరు పెట్టుట ఆలస్యమయ్యెనని చరిత్ర చెప్పుచున్నది.

అయినను అదే వ్యాసమున మఱికొన్ని అంకెలు కలవు. ఆ 33 మందిలోనే 22 మందికి అలసటయు, 16 మందికి మానసికమైన బాధలును, 9 మందికి చేతుల కాళ్ళ నరములు చెడి తిమ్మిరియు, 5 మందికి కాలేయమున కలతయు కలిగెను. పైగా ఇది రెండు తెగలు చేసి పోల్చిన పరీక్ష కాదు. ఒక వైద్యుని యొద్దకు వచ్చినవారి అనుభవముల కూర్పు. నెదర్లాండ్సు పరీక్షలో ఉత్తుత్తి మాత్రలు మ్రింగినవారును మెఱుగుపడిరని ముందు చెప్పితిమి. కావున 62 మంది మేలనిరన్న మాటలో మందు పాలు ఎంతయో, కాలము పాలు ఎంతయో, ఆశ పాలు ఎంతయో ఆ అంకె ఒక్కటియే చెప్పజాలదు. అదే 2020 లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఎదుగుదల ఆగి మొండికెత్తిన లైమ్ క్రిములపై డైసల్ఫిరామ్ ఒంటరిగా అంతగా పనిచేయుట లేదని ప్రకటించిరి. దాగియున్న క్రిమియే రోగకారణమను వాదమునకు మూలమైనది ఆ మొండి క్రిమియే కదా.

పెద్ద పరీక్ష ఏల జరుగలేదని శ్రోతలు అడుగవచ్చును. ఒక కారణము సులభముగనే తెలియును. క్రొత్త మందునకు సంస్థ హక్కుదారు. హక్కు ఉన్నంతకాలము లాభము. డైసల్ఫిరామ్ పాతది, చవుక, ఎవరైనను చేయదగినది. దానిపై కోట్లు వెచ్చించి పరీక్షించినచో ఫలము లోకమునకేగాని వెచ్చించిన వానికి ప్రత్యేకముగ ఏమియు లేదు. పాత మందునకు క్రొత్త పని చెప్పుటలో సౌకర్యము ఏమనగా, దాని గుణదోషములు ముందే తెలిసియుండును. చిక్కు ఏమనగా, దాని పక్షమున వ్యాజ్యము నడుపువాడు లేడు. అందుచేత ఇట్టి పరీక్షల భారమును విశ్వవిద్యాలయములును, ప్రభుత్వములును, దాతలును వహింపవలసియున్నది.

లైమ్ వ్యాధికి ఈ మందును వాడుటకు అమెరికా ప్రభుత్వపు అంగీకారము లేదు. పాత మందు కదా, ఏండ్లుగా మనుష్యులు మ్రింగుచున్నదే కదా యని ధైర్యపడుటయు తగదు. ఈ మాత్ర మ్రింగువారు మద్యమును మాత్రమే కాదు, మద్యసారము కలిసిన దగ్గుమందును గూడ ముట్టరాదు. కాలేయమును, నరములను, మనస్సును కనిపెట్టి చూచు వైద్యుడు ప్రక్కన ఉండవలెను. 1950 ప్రాంతమున త్రాగుబోతులు తమ ప్రాణములతో నేర్పిన పాఠమును పిడుదు కాటు పడినవారు మఱల మొదటినుండి నేర్వనక్కరలేదు.

రబ్బరు కర్మాగారమున పుట్టి, గజ్జిని మాన్పి, కడుపులోని పురుగులను చంపబోయి, త్రాగుడును మాన్పించిన ఈ మాత్ర, తుదకు పిడుదు తెచ్చిన రోగమునకు మందు అగునో కాదో ఇంకను తేలలేదు. తేలినంతవఱకు చూడగా, దాని కథలో ప్రతి మలుపునను ఒక మనిషి తన కంటబడినదానిని త్రోసివేయక నిలిచి చూచెను. కర్మాగారపు వైద్యుడు కూలీల మొగములను చూచెను. డెన్మార్కు శాస్త్రజ్ఞులు తమ వికారమును తామే విచారించుకొనిరి. లైమ్ ఊరి తల్లి పిల్లల బాధలను తేదీలతో వ్రాసియుంచెను. కాని చూచుట ఒకటి, తేల్చుట మఱియొకటి. విలియమ్స్ సందేహమునుండి సరియైన మోతాదువరకు పదేండ్లకు పైగా నడువవలసివచ్చెను.

రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే. ఇద్దఱును ఒకే మాట చెప్పినపుడు సంతోషింపవలసినదే. అయితే గిన్నెలో నున్నవి పాలో, సున్నపు తేటయో చూచి చెప్పుటకు, ఆ పాలపై కోరికయు, అమ్మకమును లేని మూడవవాడు ఒకడు కావలెను. వైద్యశాస్త్రమున ఆ మూడవవానికే పరీక్ష యని పేరు. ఆతడు వచ్చువఱకు రోగి మాటను వినుచుండుటయు, మందును కనిపెట్టియుండుటయు, రెండును మన విధులే.